నాలుగునాళ్ల మందుర

అశ్వప్రదర్శనమునకు పోయినవాడు చూచునది యొకటి, చూడక విడుచునది వేఱొకటి. తోరణములు, తెల్లని కంచె, రంగురంగుల అడ్డుకఱ్ఱలు, వానిమీదుగా దూకు గుఱ్ఱము, చప్పట్లు - ఇవి చూచునవి. మైదానమునకు వెనుక, లారీలు నిలుపు చోటునకు ఆవల, డేరాగుడ్డల నీడలో వరుసగా కట్టిన కొట్లు, వాని ముందు బొక్కెనలు, గడ్డిమోపులు, నేలపై చతికిలబడి జీనుతోలునకు నూనె పట్టించుచున్న సాయీసు - ఇవి చూడనివి. గుఱ్ఱము రంగమున నుండునది కొన్ని నిమిషములు మాత్రమే. దినములో మిక్కిలి భాగము అది ఆ కొట్టులోనే గడపును. అక్కడ నీరు త్రాగనిది, నిదుర లేనిది, బెదరినది రంగమునకు వచ్చి చక్కగా దూకునని యాశించుట, రాత్రియంతయు పస్తున్న బాలుని పరీక్షకు కూర్చుండబెట్టుట వంటిది.

మన కవులు గుఱ్ఱపుసాలకు మందుర యని పేరుపెట్టిరి. రాజుల మందురలు రాతికట్టడములు, తరతరములు నిలిచినవి. ప్రదర్శనమునకు వేయు మందుర నాలుగునాళ్లది. నాలుగునాళ్లదే కదా యని తేలికగా చూచుటలోనే అపాయ మున్నది.

కుత్బుల్లాపూర్, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో నేడు గుఱ్ఱము కనబడుట అరుదు. జీడిమెట్ల కార్ఖానాలు, ఎత్తయిన మేడలు, వలయ రహదారి నేలను ఆక్రమించినవి. పెండ్లి యూరేగింపున బ్యాండు మేళము నడుమ కన్నులార్పుచు నిలుచు తెల్లగుఱ్ఱమే పిల్లలెఱిగిన గుఱ్ఱము. కాని కూతవేటు దూరమున నున్న బొలారము ఒకనాడు గుఱ్ఱపు డెక్కల చప్పుడుతో మేల్కొన్న యూరు. హైదరాబాదు కంటింజెంటు సైన్యమునకు అది ముఖ్యస్థానము. ఆ యశ్వదళములలో శిలేదారీ పద్ధతి యుండెడిది. అనగా గుఱ్ఱము రౌతుదే. ప్రభుత్వ మిచ్చు జీతములోనుండియే అతడు దానిని మేపుకొనవలెను. గుఱ్ఱము జబ్బుపడినచో రౌతు బ్రతుకుతెరువే జబ్బుపడినట్లు. కావున మజిలీ చేరగానే తన కడుపు సంగతి తరువాత చూచుకొని, ముందు గుఱ్ఱమునకు నీడయు నీరును చూచుట అతనికి ధర్మము మాత్రమే కాదు, లెక్క కూడను. 1903లో ఆ కంటింజెంటు భారతసైన్యమున కలిసిపోయినది. దాని వారసులయిన 20వ దక్కన్ హార్సు రౌతులు 1916 జూలై 14న ఫ్రాన్సులో హైవుడ్ వద్ద మరతుపాకుల కెదురుగా గుఱ్ఱములపై దూకిరి. నిజాము పంపిన హైదరాబాదు లాన్సర్లు ఆ యుద్ధములోనే పశ్చిమాసియాలో పోరాడిరి. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహములలో ఒకటి వారిదే.

యుద్ధములో గుఱ్ఱములను చంపినది తుపాకి యొక్కటే కాదు. 1899 మొదలు 1902 వరకు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయరు యుద్ధమున బ్రిటిషు సైన్యము మూడు లక్షలకు పైగా గుఱ్ఱములను పోగొట్టుకొన్నది. వానిలో అధికభాగము ఓడప్రయాణపు టలసట తీరకమునుపే పనికి కట్టుటచేతను, మేత లేమిచేతను, రోగములచేతను చచ్చినవే. అంతకు ఆఱు వందల ఏండ్లకు పూర్వము మన దక్షిణతీరమును చూచిన మార్కోపోలో, పాండ్యదేశపు రాజులు అరబ్బు వర్తకులకు ధనరాసులు పోసి యేటేట వేల గుఱ్ఱములను కొనుచుండిరనియు, సాకుట తెలియకపోవుటచే అవి యేడాది తిరుగకుండ చచ్చుచుండెననియు వ్రాసెను. గుఱ్ఱమును కొనుట కంటె నిలుపుకొనుట కష్టమని చరిత్ర పలుమాఱులు చెప్పిన మాట.

నిలుపుకొనుట యెట్లో మనవారికి తెలియదనుట మాత్రము పొరపాటు. విరాటుని కొలువున పాండవులు మాఱువేషముల నున్నప్పుడు, మాద్రికొడుకు నకులుడు దామగ్రంథి యను పేర అశ్వశాలకు పెద్దయయ్యెనని బడిపిల్లలకును తెలియును. కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుని గూర్చి ప్రత్యేకముగా నొక అధ్యాయమే కలదు. శాల వెడల్పు గుఱ్ఱపు పొడవునకు రెట్టింపుండవలెనట. నాలుగు దిక్కుల ద్వారములు, నడుమ గుఱ్ఱము పొరలుటకు చోటు, కాలిక్రింద నునుపుచేసిన చెక్కలు, మూత్రమును లద్దెయు బయటికి పోవు దారి, తూర్పునకో ఉత్తరమునకో వాకిలి ఉండవలెనట. అంతటితో ఆగక, కోతులు, నెమళ్లు, చిలుకలు, గోరువంకలు, ముంగిసలు శాలలో నుండవలెననెను. ముంగిస పామునకు శత్రువు. పక్షులు అపరిచితుని జూచి కూయును. కోతి యెందులకో చెప్పుట కష్టము. ఈ నియమములలో, కోతిని మినహాయించినచో, నేటి ప్రదర్శననిర్వాహకుడు పాటింపదగనిది యొక్కటియు లేదు.

తెనుగున సయితము మనుమంచి భట్టు హయలక్షణవిలాసమను గ్రంథమును రచించెను. కాకతీయుల కాలమున సాహిణి యనునది గొప్ప బిరుదు. గణపతిదేవుని కొలువున జాయపసేనాని గజసాహిణి. ఏనుగులను, గుఱ్ఱములను సాకించు పని చిన్నపనిగా నెంచబడలేదనుటకే ఈ మాట.

ఇక నేలమీదికి దిగుదము. నగరమునకు ఉత్తరమున నున్న ఈ నేల రాతినేల. పైన జానెడు మొరము, దానిక్రింద నల్లరాయి. డేరాకు మేకు దింపబోయిన సమ్మెటకు సగములోనే ఎదురుదెబ్బ తగులును. మేకు దిగలేదని చెప్పి పైపైన పాతి విడిచినచో, తెల్లవారుజామున గాలి లేచినప్పుడు గుడ్డ పటపటలాడి మేకు ఊడివచ్చును. పటపటలాడు గుడ్డను మించిన పిశాచము గుఱ్ఱపు లోకములో లేదు. ఇట్టిచోట ఇసుకబస్తాలకు తాళ్లు కట్టి బరువు నిలుపుట మేలు. గుఱ్ఱపు కంటికి తన వెనుకనున్న కొద్దిభాగము తప్ప చుట్టునున్న దంతయు నించుమించుగా కనబడును. మన కంటికి చిన్నదిగా తోచు కదలిక దానికి పెద్దది.

మెఱక స్థలము నెన్నుకొనవలెను. శామీర్‌పేట చెఱువుగట్టు దిగువ పచ్చికను చూచి మురిసి మందుర వేయువానికి ఒక్క యకాలవర్షము బుద్ధి చెప్పును. తడినేలపై దినమంతయు నిలిచిన గుఱ్ఱమునకు గిట్ట మెత్తబడి నడుమ కుళ్లును. ప్రదర్శనములకు అనువయిన కాలము కార్తీకము మొదలు మాఘము వరకు. పగలు ఎండ పొడిచినను రాత్రి చలి కఱచును. రేకులకప్పు ఈ రెండింటికిని శత్రువు: పగలు పెనము, రాత్రి మంచుపలక. రేకు తప్పనిచోట దానిపై గడ్డిచాపలు పఱచి, క్రింద గాలి తిరుగుటకు మూరెడు సందు విడువవలెను. గుఱ్ఱము నోటితో ఊపిరి పీల్చుకొనలేదు. ముక్కు ఒక్కటే దానికి గాలిద్వారము. మూత్రపు ఘాటు, గడ్డి దుమ్ము నిండిన మూసిన గదిలో దాని యూపిరితిత్తులు ఎంత బాధపడునో, మఱునాటి పరుగులో తెలియును.

కొట్టు కొలత కనీసము 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. పెద్ద గుఱ్ఱమునకు 12 అడుగులు. ఇంత యేల? గుఱ్ఱము నిలువబడియే కునుకు తీయునను మాట నిజమే. దాని కాళ్లలోని కీళ్లు బిగిసికొని, కండరములకు శ్రమ లేకుండ నిలుపును. కాని గాఢనిద్రకు అది పండుకొనియే తీరవలెను. ఇఱుకు కొట్టులో పండుకొని పొరలినది, కాళ్లు గోడకు తగులుకొని లేవలేక తన్నుకొని ప్రాణము మీదికి తెచ్చుకొనుట కలదు. క్రింద ఊకయో, రంపపు పొట్టో, ఇసుకయో జానెడు మందమున పఱచి, అంచులు గోడవైపు ఎత్తుగా పోయవలెను. వరిగడ్డి పఱచినచో కొన్ని గుఱ్ఱములు పక్కనే తినివేయును.

నీటి సంగతి కొంచెము నిదానముగా చెప్పుకొనవలెను. చాలమంది నిర్వాహకులు తోరణములకు వెచ్చించు శ్రద్ధలో నాలుగవవంతు నీటికి వెచ్చింపరు. వేదికపై పూలదండలు వాడకుండ నీరు చల్లువారుందురు. మందుర వద్ద తొట్టి యెండియుండును. ఉపాధ్యాయులు దీనిని పలకమీది లెక్కగా నీయవచ్చును. ఒక గుఱ్ఱము పనిచేసిన దినమున సుమారు 40 లీటర్ల నీరు త్రాగును. 20 గుఱ్ఱములకు 800 లీటర్లు. ఒడలు కడుగుటకు, గిట్టలు చల్లార్చుటకు, బొక్కెనలు తొలచుటకు అంతకు ఇబ్బడి కావలెను. అనగా దినమునకు 2,400 లీటర్లు. నాలుగు దినములకు 9,600. ఇది 5,000 లీటర్ల ట్యాంకరుకు రెండు తడవలు. ఈ లెక్క ప్రదర్శనమునకు వారము ముందే వేసికొన్నవాడు సుఖపడును. తొలినాటి మధ్యాహ్నము వేసికొన్నవాడు ట్యాంకరు కొఱకు ఫోనుచేయుచు తిరుగును.

నీరున్నంత మాత్రమున గుఱ్ఱము త్రాగునని లేదు. ఊరు మాఱిన నీటి రుచి మాఱును. బోరునీరు త్రాగి పెరిగినది మందు కలిపిన కొళాయినీటిని మూతితో ముట్టి విడిచివేయును. తెలివిగల సాయీసు ప్రయాణమునకు మూడునాలుగు దినముల ముందే ఇంటివద్ద నీటిలో చిటికెడు బెల్లము కలిపి అలవాటుచేయును. పోయినచోటను అదే బెల్లము వేసినచో క్రొత్తనీరు పాతనీరువలెనే తోచును. ఎవరి బొక్కెన వారిది. అందఱికి నొకే తొట్టి పనికిరాదు. కారణము తరువాత చెప్పెదము. ఈ ప్రాంతమున ప్రత్యేకముగా హెచ్చరింపవలసిన దింకొకటి యున్నది. కార్ఖానాల ప్రక్కన పాత నీలి పీపాలు చవుకగా దొరకును. వానిలో ముందు ఏ రసాయనముండెనో అమ్మువానికిని తెలియదు. నూఱు రూపాయల పొదుపునకు పశువు ప్రాణము పణముగా పెట్టకూడదు.

మేతలోను ఇదే జాగ్రత్త. గుఱ్ఱపు శరీరము పెద్దది, జీర్ణకోశము చిన్నది. గడ్డి కొంచెము కొంచెముగా దినమంతయు నములుటకే సృష్టి దానిని తీర్చినది. 400 కిలోల గుఱ్ఱమునకు దినమునకు సుమారు 8 కిలోల ఎండుగడ్డి కావలెను. మన ఇరువది గుఱ్ఱములకు నాలుగు దినములలో 640 కిలోలు. ఇంటినుండి తెచ్చిన గడ్డి చాలక, సంతలో దొరికిన క్రొత్తగడ్డిని ఒక్కసారిగా వేయుటయే పెక్కు కడుపుశూలలకు మూలము. గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొన్నవాడు తక్కినదంతయు తానే ఊహించుకొనును. మనకు తిన్నది పడకపోయిన వెళ్లగ్రక్కుకొందుము. దానికి ఆ మార్గము మూసియున్నది. పొరలుట, ప్రక్కలవైపు చూచుకొనుట, ముంగాలితో నేల గీరుట, చెమట పట్టుట - ఈ గుర్తులు కనబడినంతనే వైద్యుని పిలువవలెను. రాత్రి రెండు గంటలకు కనబడిన గుర్తును తెల్లవాఱనిమ్మనుకొన్నచోట గుఱ్ఱము దక్కుట దుర్లభము. దశ్వారౌతుల పాత సూత్ర మొకటి కలదు: నీరు ముందు, దాణా తరువాత. ఉలవలు ఉడికించి గుగ్గిళ్లు పెట్టు అలవాటున్నవారు, పొయ్యిని మందురకు దూరముగా పెట్టుకొనవలెను.

చుట్టుప్రక్కల మొక్కలను కూడ చూడవలెను. రహదారుల నడుమ అందమునకు నాటిన గన్నేరు గుఱ్ఱమునకు కాలకూటము. కొన్ని యాకులు చాలును. ఆముదపు గింజలు అంతకు తీసిపోవు. చేనిగట్టున పెరిగిన ఆముదపు చెట్టునకు గుఱ్ఱమును కట్టి, నీడ దొరికెనని సంతోషించువారిని ఏమనవలెను? ఖాళీస్థలములలో నిండిన వయ్యారిభామను పెఱికించి, కట్టుటకు ముందే నేల ఊడ్పింపవలెను. ఒక్క ఇనుపమేకు గిట్టలో దిగినచో ధనుర్వాతమునకు దారి. ఆ రోగము గుఱ్ఱమునకు సోకినంత సులువుగా మఱి యే పెంపుడు జంతువునకును సోకదు.

ఎవరి ప్రక్కన ఎవరిని కట్టవలెననుట ఒక విద్య. గుఱ్ఱము మందలో బ్రతుకు జంతువు. ఏకాంతము దానికి శిక్ష. ఒకే యింటినుండి వచ్చినవానిని ప్రక్కప్రక్కన కట్టవలెను. మగగుఱ్ఱమును వరుస చివర, ఆడుగుఱ్ఱములకు గాలివాలున లేనిచోట నుంచవలెను. ముడి ఒక్క గుంజుతో వీడునదిగా నుండవలెను; ముడికిని గుంజకును నడుమ సన్నని పురికొస ఉచ్చు నుంచినచో, బెదరి వెనుకకు లాగినప్పుడు కొస తెగునే కాని మెడ తెగదు. వరుసలో నొక కొట్టును గుఱ్ఱమునకు గాక సామగ్రికి విడిచిపెట్టుట దుబారా కాదు. జీనులు దండెముపై, కళ్లెములు మేకులకు, దాణా మూతగల పెట్టెలో, మందులు తాళము క్రింద ఉండవలెను. ప్రతి వాకిటను ఒక పలక: గుఱ్ఱపు పేరు, యజమాని పేరు, వైద్యుని ఫోను సంఖ్య, దాణా వేళలు, పడని మందుల పేర్లు. చీకటిలో, కంగారులో, ఇతరుడెవడైన వచ్చి చదువుకొనగలిగినట్లు పెద్ద యక్షరములతో వ్రాయవలెను. మార్చినప్పుడు తుడిచి వ్రాయుటకు సుద్దముక్కకూడ ప్రక్కనే వ్రేలాడదీసినవాడు నిజముగా అనుభవశాలి.

సంక్రాంతి దినములలో ప్రదర్శనము పెట్టువారికి గాలిపటముల దారము మఱొక గండము. గాజుపొడి పూసిన దారము తెగి కంచెలపై, చెట్లపై వ్రేలాడును. పొద్దున్నే ఒక మనిషి దారములేరుటకే తిరుగవలెను. బాణసంచా సంగతి చెప్పనక్కఱలేదు.

నిప్పు గూర్చి పంచతంత్రము మనకు పాఠము చెప్పియే యున్నది. చంద్రుడను రాజు వంటశాలలో దూరి తినుచుండిన పొట్టేలును వంటవాడు మండుచున్న కఱ్ఱతో కొట్టగా, దాని ఉన్నికి నిప్పంటుకొన్నది. అది పరుగెత్తి ప్రక్కనున్న గుఱ్ఱపుసాలలో దూరెను. గడ్డి యంటుకొని గుఱ్ఱములు కాలెను. కాలిన గాయములకు కోతుల క్రొవ్వు మందని వైద్యులు చెప్పగా కోతులకు చేటు వచ్చెను. కథలో నీతి కోతులకు చెప్పినది. మనము మాత్రము వంటశాల, గడ్డి, గుఱ్ఱములు ఒకదానిప్రక్క నొకటి యుండుటను గమనింతము. గడ్డివామి మందురకు దూరముగా నుండవలెను. బీడీ కాల్చువానికి వేఱుచోటు చూపవలెను. వలదని బోర్డు కట్టుట చాలదు, కాల్చువాడు గుఱ్ఱపు వెనుకకే పోయి కాల్చును. ఊడిన తీగలతో దీపములు వ్రేలాడదీయరాదు. ప్రతి పది కొట్లకును ఇసుకబొక్కెనలు, నీటిబొక్కెనలు. కొట్టు తలుపు బయటికి తెఱచుకొనునదిగా నుండవలెను. వరుసకు రెండు కొనలను దారి తెఱపిగా విడువవలెను. కారు నిలుపుటకు చోటు లేదని ఆ దారిని మూయు పెద్దమనుష్యులను నిర్వాహకుడు మొగమాటము లేక పంపివేయవలెను.

ఒకే తొట్టి కూడదంటిమి. గ్లాండర్స్ అను రోగము గుఱ్ఱమునుండి గుఱ్ఱమునకు, గుఱ్ఱమునుండి మనిషికి సోకును. ముక్కునుండి కారు చీము నీటిలో కలిసిన చాలును, తొట్టి త్రాగినవాని కన్నిటికిని ముప్పు. రోగము రూఢియైన గుఱ్ఱమును బ్రతుకనీయుటకు చట్టము ఒప్పుకొనదు. అందుచేత నెత్తురు పరీక్ష జరిగిన పత్రము లేని గుఱ్ఱమును వాకిలి దాటనీయరాదు. హర్యానాలోని హిస్సారులో నున్న జాతీయ అశ్వపరిశోధన కేంద్రము ఇట్టి పరీక్షలకు ప్రసిద్ధము. 1960లో ఆఫ్రికా గుఱ్ఱపుజబ్బు మనదేశమున ప్రవేశించి వేలకొలది గుఱ్ఱములను పొట్టనబెట్టుకొన్నది. దానిని మోసికొని వచ్చునది కంటికి కనబడీ కనబడని నుసుము. ప్రొద్దు గూకువేళ అవి ముసురును. సన్నని వలయు, గాలిపంకయు ఆ వేళ ఉపకరించును. దేశములు ఈ విషయమున ఎంత పట్టుదలతో నుండునో 1956 ఒలింపిక్సు చెప్పును. పోటీలు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్నులో. కాని ఆ దేశపు రోగనిరోధక చట్టము పరదేశపు గుఱ్ఱములను సులభముగా రానీయకపోవుటచే, అశ్వక్రీడలు మాత్రము స్వీడనులోని స్టాక్‌హోములో జరిగినవి. వచ్చిన గుఱ్ఱములన్నిటికి దూరముగా, గాలివాలునకు ఎడముగా ఒకటి రెండు కొట్లు జబ్బువానికై ఖాళీగా నుంచవలెను. అవి చివరి దినము వరకు ఖాళీగానే యుండిన, నిర్వాహకునికి అంతకంటె బహుమానము లేదు.

2023లో హాంగ్‌ఝౌ ఆసియాక్రీడలలో మన నలుగురు రౌతులు డ్రెసాజ్ జట్టుపోటీలో స్వర్ణపతకము గెలిచిరి. 1982 ఢిల్లీ క్రీడల తరువాత అశ్వక్రీడలలో మనకు స్వర్ణము అదే. వారి పేర్లు పత్రికలలో వచ్చినవి, రావలసినవే. ఆ గుఱ్ఱములను తోమినవారి పేర్లు ఎందఱికి తెలియును? సాయీసుకు మన ప్రదర్శనములలో పడకచోటు కూడ లెక్కలో వేయరు. అతడు గడ్డిమోపుపైననే పండుకొనును. గుఱ్ఱమునకు కడుపునొప్పి వచ్చిన సంగతి ముందు తెలిసికొనువాడు అతడే, మేల్కొనియుండవలసినవాడు అతడే. అతనికొక నులకమంచము, ఒక కంబళి, ఒక దోమతెర, వేడి భోజనము, స్నానమునకు మఱుగు - ఇవి కొట్ల లెక్కతోబాటే వేయవలసిన లెక్క. ఇద్దఱు సాయీసులను నియమించి రాత్రిని పంచినచో, ఇద్దఱును కొంత నిదురింతురు, గుఱ్ఱములను ఎల్లవేళల ఒకరు కనిపెట్టియుందురు.

పిల్లలను ప్రదర్శనమునకు తీసికొనిపోవు ఉపాధ్యాయులు, సాయీసు అనుమతితో, వారిని ఒక్కసారి మందుర వైపునకు నడపింతురుగాక. వెనుకనుండి దగ్గఱకు పోరాదనియు, కేకలు వేయరాదనియు, చేతిలోని తినుబండారము పెట్టరాదనియు ముందే చెప్పవలెను. పాముకాటునకు మన యాసుపత్రులలో వేయు విరుగుడుమందు గుఱ్ఱపు నెత్తురునుండియే తయారగునని అక్కడ నిలిచి చెప్పినచో, పాఠ్యపుస్తకములో చెప్పినదానికంటె ఎక్కువ నాటును.

చివరి దినము సాయంకాలము లారీలు వచ్చును. అలసిన మనుష్యులు గుడ్డలు చుట్టి, గుఱ్ఱముల నెక్కించి పోవుటకు తొందరపడుదురు. పని అప్పటికి సగమే యైనది. ఒక్కొక్క గుఱ్ఱము దినమునకు 20 కిలోల లద్దె వేయును. ఇరువదింటికి నాలుగు దినములలో 1,600 కిలోలు. దానిని గుంటలో త్రోసి పోవుట అపచారము, నష్టము కూడ. ఈ ప్రాంతము ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరెన్నిక గన్నది, ఇంకను కూరతోటలున్నవి. ముందుగా నొక రైతుతో మాట కుదుర్చుకొన్నచో ఆతడే బండి తోలుకొని వచ్చి తీసికొనిపోవును. మేకులు పీకిన గుంటలను పూడ్పింపవలెను. పురికొసలు, గాజుముక్కలు, లాడపు మేకులు ఏరించవలెను; ఒక అయస్కాంతమును తాటికి కట్టి నేలమీద ఈడ్చినచో కంటికి కనబడని మేకులును తగులుకొని వచ్చును. మఱునాటి ఉదయము ఆ బీటిలో గ్రామపు పశువులు మేయుటకు వచ్చును.